ఆగరాని లెక్క

2025వ సంవత్సరము ఫిబ్రవరి, మార్చి మాసములు మొదలుకొని అమెరికా సంయుక్తరాష్ట్రముల జాతీయారోగ్యసంస్థ విశ్వవిద్యాలయములకు తానొసగుచుండిన పరిశోధన గ్రాంటులను పెక్కింటిని గడువు తీఱకమునుపే రద్దుచేసినది. జాతుల నడుమ, వర్గముల నడుమ ఆరోగ్యవిషయమున గల వైషమ్యములను పరిశీలించు పనులును, కోవిడ్ మహమ్మారిని గుఱించిన పనులును ఈ వేటునకు విశేషముగా గుఱియైనవి. జూన్ మాసమున బోస్టన్ నగరమందలి ఫెడరల్ న్యాయాధిపతి విలియం యంగ్ ఈ రద్దులు చట్టవిరుద్ధములని తీర్పు చెప్పెను. ఆగస్టులో అమెరికా సుప్రీంకోర్టు, అయిదుగురొక వైపునను నలుగురొక వైపునను చీలి, వ్యాజ్యము తుదముట్టులోపల రద్దులు సాగవచ్చునని ఉత్తరువు గావించెను.

ఈ వ్యాజ్యపు మంచిచెడ్డలను విమర్శించుట మా యుద్దేశము కాదు. కాని యొక సంగతి ఆలోచనాపరులందఱును గమనింపదగియున్నది. అయిదేండ్లకు పూర్వము, వీధులు నిర్మానుష్యములై ఆసుపత్రులు శవములతో నిండియున్న దినములలో సైతము, ఆ దేశమందలి లాటినో ప్రజల యారోగ్యమును గుఱించిన పరిశోధన ఎన్నో ప్రయాసములకోర్చి సాగినది. మహమ్మారి ఆపలేకపోయిన పనిని కలముపోటు ఆపగల్గినది. ఆ పని యెట్టిదో, దానిని ఆ కాలమున ఎవరు ఏలాగున నిలిపిరో తెలిసికొన్నగాని, ఇప్పుడు కలుగుచున్న నష్టమెంతటిదో బోధపడదు. ఆపత్కాలమున ఆపదగిన పనులు అనేకములుండవచ్చును. ఆ యాపద ఎవరిని ఎక్కువగా కబళించుచున్నదో లెక్కపెట్టు పని మాత్రము వానిలో చేరదని మా దృఢాభిప్రాయము.

లాటినోలనగా మెక్సికో, ప్యూర్టోరికో, క్యూబా, డొమినికన్ రిపబ్లికు, మధ్య దక్షిణామెరికా దేశములనుండి వచ్చినవారును, వారి సంతతివారును. 2020 జనాభాలెక్కల ప్రకారము సంయుక్తరాష్ట్రములలో వీరి సంఖ్య 6 కోట్ల 21 లక్షలు. అనగా దేశజనులలో నూటికి 18.7 వంతులు. స్త్రీపురుష భేదము లేకుండుటకై పండితులు వీరిని 'లాటినెక్స్' అని వ్రాయ మొదలిడిరి. కాని 2020 ఆగస్టులో ప్యూ పరిశోధనా కేంద్రమువారు ప్రకటించిన విచారణలో ఆ పేరు తమకు పెట్టుకొనువారు నూటికి ముగ్గురు మాత్రమేయని తేలినది. పేరు పెట్టువాడొకడు, పెట్టించుకొనువాడొకడు అయినప్పుడు పరిశోధకునికిని ప్రజలకును నడుమ ఎంత దూరమున్నదో దీనినిబట్టియే యూహింపవచ్చును.

ఈ ప్రజలయారోగ్యమును గుఱించి ఒక వింత చిరకాలముగా వాడుకలో నున్నది. 1986లో మార్కిడిస్, కోరీల్ అను ఇరువురు విద్వాంసులు, బీదలును చదువు తక్కువగలవారును అయిన లాటినోలు మరణసంఖ్య విషయమున తెల్లవారికి తీసిపోకుండుట ఆశ్చర్యకరమని వ్రాసిరి. తరువాతి లెక్కలు దీనిని బలపఱచినవి. 2019లో లాటినోల సగటు ఆయుఃప్రమాణము సుమారు 82 ఏండ్లు. తెల్లవారిది 79 ఏండ్లకు లోబడియుండెను. పొగాకు వాడుక తక్కువయగుట, ఆరోగ్యవంతులే వలసవచ్చుట, కుటుంబబంధములు గట్టివగుట మున్నగు కారణములు చెప్పుచువచ్చిరి. అట్టి ప్రజల యాయుఃప్రమాణము 2020లో, ఒక్క సంవత్సరములో, మూడేండ్లకు తక్కువగాక తగ్గి 79 ఏండ్లకు లోబడినది. తెల్లవారికి కలిగిన తగ్గుదల అందులో సగమైనను లేదు. దశాబ్దముల తరబడి కూడబెట్టుకొన్న యాధిక్యము పండ్రెండు నెలలలో చాలవఱకు హరించిపోయినది.

ఇంకొక లెక్కను చూడుడు. 2020 జనవరి 26 మొదలు అక్టోబరు 3 వఱకు సంభవించిన మరణములను, దానికి పూర్వపు అయిదేండ్ల సగటుతో ఆ దేశపు వ్యాధినివారణ కేంద్రమువారు పోల్చిచూచిరి. తెల్లవారిలో మరణములు నూటికి 11.9 వంతున పెరిగినవి. లాటినోలలో నూటికి 53.6 వంతున పెరిగినవి. ఏ యితర జాతిలోను ఇంత పెరుగుదల లేదు. ఇది రక్తదోషమా? దేహతత్త్వ భేదమా? అట్లయినచో అంతకుముందు వారే దీర్ఘాయువులుగా నుండుటకు కారణమేమి? వ్యాధి యొకటే, దాని యెదుట నిలువబడిన తావులు వేఱు. కలవారు ఇంట కూర్చుండి కంప్యూటరుమీద ఉద్యోగము నడుపుకొనిరి. లాటినోలలో పెక్కండ్రు చేయు పని ఇంట కూర్చుండి చేయదగినది కాదు. మాంసము కోయుట, పండ్లు తెంపుట, వంటశాలలలో గిన్నెలు తోముట, వృద్ధులకు పరిచర్య చేయుట, ఇండ్లు కట్టుట మున్నగునవి వారి వృత్తులు. పనినుండి వచ్చి వారు చేరు ఇండ్లలో ఒక్కొక్క గదిలో పలువురు పండుకొనవలెను. అనుమతిపత్రములు లేని వలసవారికి ప్రభుత్వపు బీమా అంగడిలో సైతము ప్రవేశము లేదు. 2020 మార్చిలో ప్రజలకు పంచిన ధనసాహాయ్యము కూడ వారికి చేరలేదు.

మాంసపు కర్మాగారముల చరిత్ర దీనికి తార్కాణము. 2020 ఏప్రిల్, మే మాసములలో 23 రాష్ట్రములందు 239 కర్మాగారములలో 16,233 మంది పనివారికి వ్యాధి సోకినదనియు, 86 మంది మరణించిరనియు లెక్క తేలినది. వీరిలో ఎవరు ఏ జాతివారో వ్రాసిపెట్టినది నూటికి 61 మంది విషయమున మాత్రమే. అట్లు వ్రాసిపెట్టిన వారిలో నూటికి 56 మంది లాటినోలు. మిగిలిన నూటికి 39 మంది ఎవరో పత్రములు చెప్పవు. ఈ కర్మాగారములు మూతపడరాదని ఏప్రిల్ 28న అధ్యక్షుడు ట్రంపు ఆజ్ఞాపత్రము వెలువరించెను. పని మానరాదని శాసించిన ప్రభుత్వము, పనిచేసి వ్యాధిపడినవాడెవడో పూర్తిగా వ్రాసికొనుటకు ఏర్పాటు చేయలేదు. శాసించుటకు మనుష్యుడు కనబడును గాని లెక్కించుటకు కనబడడేమి?

భూవసతిగల మా పాఠకులు మఱియొక యంకెను విశేషముగా గమనింతురుగాక. కాలిఫోర్నియా రాష్ట్రమున 2020 మార్చి మొదలు అక్టోబరు వఱకు, 18 మొదలు 65 ఏండ్ల వయసువారి మరణములను వృత్తుల వారీగా పరిశీలింపగా, వ్యవసాయ ఆహారోత్పత్తులలో పనిచేయు లాటినోల మరణములు నూటికి 59 వంతున పెరిగినట్లు తేలినది. ఆ పనులే చేయు తెల్లవారిలో పెరుగుదల నూటికి 16 వంతులు. పంట పండినప్పుడు కోతకు రాకతీఱనివాడు, కోత కోసినవానిని గుఱించి అడుగువాడు లేనివాడు, ఏ దేశమందైనను ఉన్నాడు. దేశమంతయు తలుపులు బిగించుకొన్న దినములలో భోజనపు బల్లమీదికి ఆకుకూరయు స్ట్రాబెరీయు వచ్చినవనగా వీరు చేలలోనికి దిగుటచేతనే వచ్చినవి.

ఇక పరిశోధన సంగతి. హిస్పానిక్ సమాజారోగ్య పరిశోధనయను పేర 2008లో జాతీయారోగ్యసంస్థవారి ధనముతో ఒక మహాకార్యము ఆరంభమైనది. 2011 లోపల బ్రాంక్స్, షికాగో, మయామి, శాన్‌డియాగో అను నాలుగు తావులలో 18 మొదలు 74 ఏండ్ల వయసుగల 16,415 మందిని చేర్చుకొని, వారి రక్తము, గుండె, ఊపిరితిత్తులు, ఆహారము, నిద్ర, వృత్తి మున్నగువానిని పరీక్షించి, యేటేట టెలిఫోనుమీద క్షేమసమాచారము లరయుచు వచ్చిరి. 2014 మొదలు 2017 వఱకు రెండవమాఱు పరీక్షించిరి. 2020 ఆరంభమున మూడవ పరీక్ష మొదలగుసరికి మహమ్మారి వచ్చిపడినది. మార్చిలో విశ్వవిద్యాలయములన్నియు మనుష్యులను ఎదుట కూర్చుండబెట్టి చేయు పరిశోధనలను నిలిపివేసినవి.

ఆ నిలుపుదలను మేము తప్పుపట్టము. మధుమేహము గల యఱువదియేండ్ల ముదుసలిని రక్తము తీయుటకై పిలిపించి రోగము తగిలించి పంపుట పరిశోధన కాదు, పాపము. అయినను ఆపుట వేఱు, వదలివేయుట వేఱు. ఇట్టి దీర్ఘకాల పరిశోధనకు ప్రాణము వరుస తప్పకుండుట. కరణము ఒక సంవత్సరము అడంగలు వ్రాయక మానినచో ఆ యేటి పంటయే కాదు, ఆ భూమి చరిత్రయంతయు సందేహాస్పదమగును. అందునను, లెక్క తెగిపోవునది సామాన్యసంవత్సరమున కాదు, ప్రజలు పిట్టలవలె రాలిన సంవత్సరముననే.

ముందుగా వ్రాసియుంచిన లెక్క విలువ యెట్టిదో యొక యుదాహరణము చాలును. ఈ పరిశోధనవలననే లాటినోలలో మధుమేహము నూటికి 16.9 మందికి కలదని తెలిసినది. అంతకంటె ముఖ్యముగా, మెక్సికో సంతతివారిలో అది నూటికి 18.3 కాగా దక్షిణామెరికా సంతతివారిలో 10.2 మాత్రమేయని తేలినది. ఒక్క పేరుక్రింద చేర్చిన జనులలోనే ఇంత భేదము! మధుమేహము గలవానిని కోవిడ్ ఎక్కువగా బాధించునని లోకమంతయు ఎఱుగును. ఎవరికి మధుమేహమున్నదో ముందే వ్రాసియున్న గ్రంథము చేతనుండుటచే, మహమ్మారి అనంతరము ఎవరికేమైనదో పోల్చి చెప్పుట సాధ్యమైనది. వరద వచ్చినపిదప కొలబద్ద నాటినవానికి నీరెంత పెరిగినదో తెలియదు గదా!

కావున పరిశోధకులు త్రోవలు వెదకిరి. ఎదుట కూర్చుండి అడిగిన ప్రశ్నలను టెలిఫోనులో నడిగిరి. ఈ లాటినో పరిశోధనతో కలిపి 14 దీర్ఘకాల పరిశోధనలవారు ఏకమై, కోవిడ్ పూర్వాపరములను ఒక్క తీరున విచారించుటకు పూనుకొనిరి. ఇంటనే వ్రేలు గుచ్చుకొని కాగితముమీద నుంచిన రక్తపుబొట్టును టపాలో పంపు నేర్పాటు చేసిరి. కాని టెలిఫోనుగాని కంప్యూటరుగాని అందఱికి అందునది కాదు. కాలిఫోర్నియా చేలలో పనిచేయువారిలో మిక్స్‌టెక్, ట్రీకీ మొదలైన ఆదిమభాషలే మాతృభాషలుగా గలవారు వేలకొలది యున్నారు. వారిలో పలువురికి ఇంగ్లీషే కాదు, స్పానిషు కూడ పరభాషయే. కంప్యూటరు తెరమీది ప్రశ్నావళి వారి పాలిటికి శూన్యలేఖ. వారి భాషలో, వారి విరామవేళను కనిపెట్టి, వారు గుర్తుపట్టగల మనిషి అడిగినగాని సమాధానము రాదు. 2020లో ఆ రాష్ట్రమున వ్యవసాయకూలీల సంఘములే పూనుకొని టెలిఫోనుమూలమున జరిపిన విచారణ ఈ మర్మమెఱిగి చేసినది.

శాన్‌ఫ్రాన్సిస్కో నగరములోని మిషన్ పేటలో జరిగినది మఱియు స్మరణీయము. 2020 ఏప్రిల్ 25 మొదలు 28 వఱకు నాలుగు దినములు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వైద్యులును, ఆ పేట లాటినో కార్యసంఘమువారును కలిసి సుమారు 4,000 మందిని పరీక్షించిరి. పరీక్షకు వచ్చినవారిలో లాటినోలు సగమునకు తక్కువ. వ్యాధి కనబడినవారిలో నూటికి 95 మంది వారే. రోగులలో నూటికి 90 మంది ఇంటనుండి పనిచేయ వీలులేనివారు. సగమునకు మించినవారికి ఏ లక్షణమును లేదు. ఈ యంకెలు గ్రంథాలయమున నిద్రింపలేదు. పనికి పోనిచో పస్తుండవలసినవానికి 'ఇంటనుండుము' అని బోధించుట వ్యర్థమని స్పష్టమగుటచే, ఆ నగరమున వేసవిలో రోగులైన కూలివారికి రెండువారముల కనీస వేతనమునకు సరిపడు సొమ్మిచ్చు పథకము వెలసినది. పరిశోధన అన్నము పెట్టునాయని యడుగువారికి ఇదియే మా సమాధానము. నాలుగు దినముల లెక్క పదునాలుగు దినముల యన్నమును సంపాదించిపెట్టినది.

అయితే వైద్యుడు పిలిచినంతమాత్రమున ఈ ప్రజలు రావలెననుట న్యాయము కాదు. వారి భయమునకు చరిత్ర సాక్ష్యము కలదు. 1946 మొదలు 1948 వఱకు అమెరికా ప్రభుత్వవైద్యులు గ్వాటిమాలా దేశమున ఖైదీలకు, సిపాయిలకు, పిచ్చాసుపత్రిలోని రోగులకు సవాయి, సెగ రోగములను బుద్ధిపూర్వకముగా నంటించిరి. ఈ ఘోరము 2010లో బయటపడగా అధ్యక్షుడు ఒబామా క్షమాపణ చెప్పుకొనవలసివచ్చినది. 1956లో గర్భనిరోధపు మాత్రలను ప్యూర్టోరికో పేద స్త్రీలపై పరీక్షించునప్పుడు అది పరీక్షయని వారిలో పలువురకు తెలియజేయలేదు. లాస్‌ఏంజిలిస్‌లో ప్రసవవేదనలోనున్న మెక్సికన్ స్త్రీలచే తెలియని భాషలోని పత్రములపై చేవ్రాలు చేయించుకొని సంతానము లేకుండ శస్త్రచికిత్స చేసిరని పదిమంది స్త్రీలు తెచ్చిన వ్యాజ్యము 1978లో వైద్యుల పక్షముననే తీర్పయినది. వీనికితోడు, ప్రభుత్వసాహాయ్యము పొందువారికి స్థిరనివాసానుమతి నిరాకరింపవచ్చునను కఠిననిబంధన 2020 ఫిబ్రవరి 24న, మహమ్మారి వాకిట నిలిచియున్నప్పుడే, అమలులోనికి వచ్చినది. 2021 మార్చి వఱకు తొలగలేదు. కోవిడ్ చికిత్సకు ఈ నిబంధన వర్తింపదని ప్రకటించిరి గాని, భయము ప్రకటనలను చదువదు.

ఇట్టి జనులలో పరిశోధన నిలిచినదనగా అది పండితుల ప్రతిభవలన కాదు, పేటలోని మనుష్యులవలన. 'ప్రొమోతోరా'లని పిలువబడు స్త్రీలు ఆ జనులలోనే పుట్టి పెరిగి, ఇల్లిల్లు తిరిగి ఆరోగ్యవిషయములు బోధించువారు. వారికి తలుపు తెఱచిన చేయి అపరిచితునికి తెఱవదు. సలీనాస్ లోయలో 1999 మొదలుకొని బర్కిలీ విశ్వవిద్యాలయమువారు పురుగుమందులవలన వ్యవసాయకూలీల బిడ్డలకు కలుగు చెఱుపును గుఱించి తల్లులను, బిడ్డలను విడువక పరిశీలించుచు వచ్చిరి. ఇరువదియేండ్ల ఆ నమ్మకమే పెట్టుబడిగా 2020లో వారు స్థానిక వైద్యశాలతో కలిసి వేయిమందికి పైగా కూలీలలో కోవిడ్ పరిశోధన జరుపగల్గిరి. నమ్మకము నాటినవెంటనే కాయు చెట్టు కాదు. అందుచేతనే నడుమ నఱికివేసిన పరిశోధనను ధనము మరల మంజూరుచేసినంతమాత్రమున బ్రతికింపజాలము. ఒకమాఱు నమ్మి మోసపోయిన యిల్లు రెండవమాఱు తలుపు తీయదు.

ఔషధముల విషయమునను ఇదియే నీతి. స్త్రీలను, అల్పసంఖ్యాక జాతులను వైద్యపరిశోధనలలో చేర్చుకొనవలెనని 1993లోనే ఆ దేశమున చట్టమైనది. 2020లో మోడర్నా కంపెనీవారు 30,000 మందిపై టీకాను పరీక్షించునప్పుడు, ఆయా జాతులవారు తగినంతమంది చేరలేదని సెప్టెంబరులో వేగము తగ్గించుకొని మరీ వారిని చేర్చిరి. తుదకు అందులో నూటికి 20 మంది లాటినోలైరి. తొందరపడవలసిన కాలమున కూడ ఆగి లెక్క సరిచూచుకొనుట సాధ్యమేయని దీనివలన తెలియుచున్నది. ఆ పరీక్షలో తమవారు లేనిచో ఆ టీకాను తమకు వేయవచ్చిన వైద్యుని నమ్ముమని వారికి చెప్పుటకు ఎవరికి నోరు వచ్చును?

జాతులవారీగా లెక్కించుటచే ప్రజలలో భేదబుద్ధి పెరుగునని వాదించువారు కలరు. ఈ వాదము వినుటకింపుగనే యుండును. భేదములతో ఏలుబడి సాగించిన పాలకులను చవిచూచిన మనకు అట్టి శంక కలుగుట సహజము కూడ. కాని జ్వరమును కొలిచినంతమాత్రమున జ్వరము రాదు. అద్దము పగులగొట్టినందున ముఖముమీది మచ్చ పోదు. భేదము మరణములో నున్నది, లెక్కలో లేదు. లెక్క మానినచో మరణములు సమానములు కావు. అసమానత కనబడకపోవును, అంతమాత్రమే. ఇందువలన లాభము పొందునది దేశైక్యము కాదు, బాధ్యత తప్పించుకొనదలచినవారు.

ఈ పాఠము మనకును పనికివచ్చునది. 1918 విషజ్వరమున బొంబాయి నగరములో యూరోపియనులు వేయింటికి 8.3 మంది మృతినొందగా, నిమ్నకులములుగా పరిగణింపబడిన హిందువులు వేయింటికి 61.6 మంది మృతినొందిరి. అన్యప్రభుత్వపు లెక్కయైనను అది యుండుటచేతనే నేడు మనము నిజమును పలుకగల్గుచున్నాము. స్వప్రభుత్వమున, 2020 లాక్‌డౌనులో, మన శ్రీకాకుళము, విజయనగరము, విశాఖ జిల్లాల మత్స్యకారులు వేలకొలది గుజరాతులోని వేరావల్ రేవున చిక్కుకొని వారముల తరబడి పడవలలో దినములు గడపిరి. దేశము నలుమూలలనుండి కూలీలు కాలినడకన బయలుదేరిరి. వారిలో ఎందఱు త్రోవలో మరణించిరని ఆ సంవత్సరము సెప్టెంబరులో పార్లమెంటున ప్రశ్నింపగా, అట్టి లెక్కలుంచలేదని కార్మికశాఖవారు సమాధానమిచ్చిరి. అమెరికాలో లెక్కను నడుమ త్రుంచిరి. మన దేశమున మొదలే పెట్టలేదు. పరులను విమర్శించునపుడు ఈ రెండవదానిని మఱవరాదు.

అమెరికాలోని ఆసుపత్రులలో తెలుగు వైద్యులు పెక్కండ్రు పనిచేయుచున్నారు. మహమ్మారి దినములలో లాటినో రోగుల మంచములకడ నిలిచినవారిలో వారును కలరు. ఆ దేశపు వైద్యసంఘములలో తమకు గల పలుకుబడిని ఈ పరిశోధనల పునరుద్ధరణమునకు వినియోగించుట వారి విధియని మా మనవి. పరిశోధన ధనము దానము కాదనియు, ఆ 16,415 మంది తమ రక్తమును, తమ కాలమును, తమ నమ్మకమును ఇచ్చి కొనుకొన్న హక్కనియు పాలకులు గుర్తింతురుగాక. వచ్చు మహమ్మారి ఎప్పుడు వచ్చునో ఎవ్వరును చెప్పజాలరు. అది వచ్చినప్పుడు ముందుగా చేలలోను, కర్మాగారములలోను, ఇఱుకు గదులలోను ప్రవేశించుననుట మాత్రము 2020 లెక్కలు చూచినవారెవ్వరును కాదనజాలరు. నాడు ఆ గదుల తలుపు తట్టుటకు పరిచయమైన మనిషి యుండవలెనన్నచో, నేడు ఆమె జీతము నిలువరాదు. ఆమె చేతనున్న పుస్తకము మూతపడరాదు.